సాంకేతిక వార్తలు - మన అభిప్రాయములు

పూర్వము మన గ్రామములలో పెద్దలు రచ్చకట్టపై కూర్చుండి వానలను గూర్చియు, వేరుసెనగ ధరను గూర్చియు, ఎన్నికలను గూర్చియు ముచ్చటించుకొనెడివారు. నేడు ఆ ముచ్చటలలో నాల్గవ విషయము చేరినది. కృత్రిమ మేధ వచ్చి ఉద్యోగములు పోవునట, ఫోను మన మాటలు వినునట, ఫలానా ఆప్‌ను ప్రభుత్వము నిషేధించెనట - ఇట్టి వార్తలు రాజకీయ వార్తలతో కలగలిసి ప్రతిదినము మన చెవిని పడుచున్నవి. విన్నవెంటనే ఒకరు "అంతయు మన మేలునకే" యందురు. వేరొకరు "అంతయు మోసమే" యందురు. ఈ రెండు మాటలును విచారణ లేకయే పుట్టినవి గనుక, వానిని వినుచు పెరుగు పిల్లలకు వానివలన కలుగు ప్రయోజనము స్వల్పము.

సాంకేతిక వార్త వినినపుడు మొట్టమొదట అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. ఈ యంత్రమును నడిపించు రచన ఎవరి చేతిలో నున్నది? అది చెడినచో బాగుచేయు అధికారము ఎవరికి కలదు? భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఈ ప్రశ్న ఇతరులకంటె ఎక్కువ ముఖ్యమైనదని మా విశ్వాసము. అందుకు గల కారణములను తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మూలరచన యనగా నేమి?

కంప్యూటరు గాని ఫోను గాని తనంతట తానేమియు చేయజాలదు. ఏ మీట నొక్కిన నేమి జరుగవలెనో మనుష్యులు వరుసగా వ్రాసియిచ్చిన ఆదేశముల సమూహమే సాఫ్ట్‌వేర్. దానిని వ్రాసినవారు చదువుకొనగల రూపమునకు సోర్స్ కోడ్ అని పేరు. మేమిచట దానిని మూలరచన యందుము. ఈ మూలరచనను యంత్రమునకు మాత్రమే యర్థమగు రూపమునకు మార్చి మన కందజేయుదురు. మూలరచనను దాచి, యంత్రరూపమును మాత్రమే ఇచ్చునది మూసిన సాఫ్ట్‌వేర్. మూలరచనను గూడ బయటపెట్టి, దానిని చదువుటకును, మార్చుటకును, ఇతరులకు పంచుటకును అనుమతి నిచ్చునది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. స్వేచ్ఛను ప్రధానముగా భావించువారు దీనినే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని పిలుతురు.

ఈ భేదము మన తాలూకా వారికి సులభముగా బోధపడును. తిరుమణి, వళ్ళూరు, బలసముద్రము మొదలగు అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వెలసిన సంగతి అందరికిని విదితమే. అచట రైతుల భూమిని కొనలేదు, కౌలునకు తీసికొనిరి. కౌలు అనగానే మన రైతు గడువెంత, ఏటికెంత, గడువు తీరిన పిదప భూమి ఎవరిది అని అడుగును. మూసిన సాఫ్ట్‌వేర్‌ను మనము కొంటిమనుకొందుము గాని, సాధారణముగా మనకు లభించునది వాడుకొను అనుమతి మాత్రమే. దానికి లైసెన్సు అని పేరు. అచట మనము కౌలుదారులము. "అంగీకరించుచున్నాను" అను మీటను నొక్కినపుడు, కౌలుపత్రమును చదువకయే చేవ్రాలు చేయుచున్నామన్నమాట. భూమి విషయమున ఇంత జాగ్రత్త గలవారము, ఫోను విషయమున ఒక్క ప్రశ్నయైనను వేయము.

ఈ కౌలు పద్ధతికి ఎదురుగా 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ఆయన గ్నూ అను ఉద్యమము నారంభించెను. ఆయన సిద్ధాంతము ప్రకారము ప్రజలకు నాలుగు స్వేచ్ఛలుండవలెను: ఏ పనికైనను వాడుకొనుట, లోపల నేమున్నదో చదివి మార్చుకొనుట, ప్రతులు పంచుట, తాము మార్చిన దానినిగూడ పంచుట. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను రచనను ప్రారంభించి, లోకమునకు బహిరంగముగా ఇచ్చెను. నేడు మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులు లినక్స్ ఆధారముగానే నడచుచున్నవి. దీని లైసెన్సులో నొక నిబంధన గలదు: మార్చి ఇతరులకిచ్చువాడు తాను పొందిన హక్కులను వారికిని ఇయ్యవలెను. పొరుగింటి నుండి విత్తనము తెచ్చుకొనినవాడు, తన పంటనుండి విత్తనము నడిగినవానికి కాదనరాదన్న కట్టుబాటు వంటిదే ఇది.

తెలుగక్షరము ఫోనులను కూల్చినదన్న వార్త

2018 ఫిబ్రవరిలో ఒక వింత వార్త ప్రపంచమంతట వ్యాపించెను. తెలుగులోని "జ్ఞా" అను అక్షరమును సందేశముగా పంపినచో ఆపిల్ వారి ఐఫోనులలోని సందేశముల ఆప్‌లు కుప్పకూలుచున్నవని ఆ వార్త సారాంశము. కొందరు నవ్విరి. కొందరు తెలుగులిపియే యంత్రములకు తగనిదని తీర్పు చెప్పిరి. జ్ఞానము అను పదములోని తొలి యక్షరమే యంత్రమునకు గిట్టకపోవుట చూచి చమత్కారములు చెప్పుకొనినవారును కలరు.

నిజము వేరు. జకారము, విరామచిహ్నము, ఞకారము, వానికి తోడు కంటికి కనబడని ఒక విభజన సంకేతము, ఆపై దీర్ఘము - ఈ యైదును ఒక ప్రత్యేక క్రమములో వచ్చినపుడు మాత్రమే ఆ లోపము బయటపడెను. మామూలుగా వ్రాయు జ్ఞానము అను పదమునకు ఏ యాపదయు లేదు. అక్షరములను కూర్చి తెరపై చిత్రించు సాఫ్ట్‌వేర్‌లో దోషముండెను; లిపిలో దోషము లేదు. ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ వారు సవరించిన సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేయగా ఆ కథ ముగిసెను.

న్యాయముగా చెప్పవలెనన్న, సవరణ త్వరగానే వచ్చినది. కాని ఆ లోపము ఎవరి ఫోనునైనను కూల్చగలదు గనుక లోకమంతయు గగ్గోలు పెట్టెను. ఒక వత్తు తప్పుగా కనబడుట, ఒక గుణింతము విరిగిపోవుట వంటి చిన్న లోపములైనచో అంత గగ్గోలు పుట్టదు. రచన మూసియున్నపుడు తెలుగు బాగుగా తెలిసిన సాఫ్ట్‌వేర్ నిపుణుడైనను ఫిర్యాదు వ్రాసి నిరీక్షింపవలసినదే. ఇందుకు భిన్నముగా, ఆండ్రాయిడ్ ఫోనులలోను, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లలోను అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను సాఫ్ట్‌వేర్ యొక్క మూలరచన బహిరంగము. తెలుగు ఒత్తులు ఎట్లు కూర్చబడుచున్నవో దానిలో ఎవరైనను చదువవచ్చును. దోషమున్నచో సవరణ వ్రాసి పంపవచ్చును.

మన అక్షరములకు నిలువనీడ

2011 జనగణన ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైగా నున్నారు. అయినను ఆంధ్రప్రదేశ్ సరిహద్దులచే దాదాపు చుట్టబడిన మన పావగడలో తెలుగు ఇంటిభాష, కన్నడము రాష్ట్రభాష. రాజ్యాంగమునకు 1956లో చేర్చబడిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఆ రక్షణ తరగతిగదికి వర్తించును గాని ఫోను తెరకు వర్తించదు. బిడ్డలు చదువు అక్షరములలో పెక్కు నేడు తెరపైననే యున్నవి.

అచట మనకు నీడ నిచ్చినవి బహిరంగ ప్రమాణములే. 1991లో వెలువడిన మొదటి యూనికోడు ప్రమాణముననే తెలుగునకును కన్నడమునకును స్థానము లభించెను. అందులో ఒక్కొక్క లిపికి 128 చొప్పున గదులు కేటాయింపబడినవి. తెలుగు గదులు ముగిసినచోటనే కన్నడపు గదులు మొదలగును. పావగడలో వలెనే యూనికోడులోను ఈ రెండు భాషలు ఇరుగుపొరుగు. ఇన్‌స్క్రిప్ట్ అను కీబోర్డు పద్ధతిలో భారతీయ భాషలన్నిటికిని ఒక ధ్వనికి ఒకే మీట. ఇంగ్లీషు "కే" ముద్రించియున్న మీటయే తెలుగునకును, కన్నడమునకును కకారము. కావున ఒక భాషలో ఈ పద్ధతిని నేర్చిన బిడ్డకు రెండవ భాష దాదాపు శ్రమలేకయే వచ్చును. రెండు భాషల బరువు మోయు మన బిడ్డలకు ఇది గొప్ప ఉపకారము.

ఫాంట్ల విషయమును ఇట్టిదే. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన, వేమన అను ఫాంట్లను రూపొందించి ఉచితముగా లోకమున కర్పించిరి. రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ మొదలగు ఫాంట్లును నేడు బహిరంగ లైసెన్సుతో లభించుచున్నవి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను నడపు సాఫ్ట్‌వేర్‌గూడ ఓపెన్ సోర్సే. ఇందుకు విరుద్ధముగా, యూనికోడు కాని పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకములను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని గుర్తులు కనబడును. వ్రాసినది మనమే యైనను చదువుటకు తాళము వేరొకరివద్ద నుండుట యనగా ఇదియే.

తెరచినదెల్ల మంచిదా?

ఇచట నొక హెచ్చరిక యవసరము. ఓపెన్ సోర్స్ అనగానే దోషరహితమని భావింపరాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో రహస్యముగా దొంగదారి నమర్చిన సంగతి బయటపడెను. ఆ వ్యక్తి సుమారు రెండేండ్లకు పైగా సహాయకుని వేషములో విశ్వాసము సంపాదించి, పిదప ఆ పని చేసెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన కంప్యూటరులో ఒక పని సుమారు అరసెకను ఆలస్యముగా జరుగుచుండుట గమనించి, కారణము వెదకి, దానిని పట్టుకొనెను. మూలరచన బహిరంగము గనుక ఆయన వెదకగలిగెను. కాని చూచువాడు ఒక్కడైనను లేనిచో తలుపు తెరచియున్నను ప్రయోజనము లేదు. జీతములేని కొద్దిమందిపై పెనుభారము మోపి, లోకమంతయు నిశ్చింతగా నిదురించుట ఈ పద్ధతిలోని బలహీనత.

రాజకీయములలో ఈ ప్రశ్న

మనకు నచ్చిన పక్షము తెచ్చిన యంత్రము మంచిది, నచ్చని పక్షము తెచ్చినది చెడ్డది - ఇది సులభమైన అభిప్రాయము. కోవిడ్ కాలమున, 2020 ఏప్రిల్‌లో, కేంద్రప్రభుత్వము ఆరోగ్యసేతు అను ఆప్‌ను విడుదల చేసెను. అది ప్రాణరక్షకమని కొందరు, ప్రజలపై నిఘా యని కొందరు వాదించిరి. లోపల నేమున్నదో చూడనిచ్చు వరకు ఇరువురి వాదమును ఊహయే. మే 26న ఆండ్రాయిడ్ ఫోనులలో నడచు భాగము యొక్క మూలరచనను ప్రభుత్వము ప్రకటించెను. సర్వర్లలో నడచు భాగము ఆనాడు వెలువడలేదు. ఎంతమేరకు తెరచిరో అంతమేరకు వాదము సాక్ష్యముపై నిలిచెను. మిగిలిన భాగమున విశ్వాసముపైననే నిలిచెను. ప్రభుత్వ కార్యాలయములు ఓపెన్ సోర్స్‌నకు ప్రాధాన్యమీయవలెనని 2015లో కేంద్రము ఒక విధానమును ప్రకటించియున్నది. పొరుగున కేరళ ప్రభుత్వము తన పాఠశాలల కంప్యూటరు విద్యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పైననే నడుపుచున్నది. అచట ప్రభుత్వములు మారినను ఆ పద్ధతి మారలేదు.

కృత్రిమ మేధ విషయముననుగూడ ఇదే విచారణ వర్తించును. అది తెలుగు నేర్చుకొనునది మనుష్యులు వ్రాసిన తెలుగు నుండియే. మద్రాసు ఐఐటీలోని ఏఐ ఫర్ భారత్ వారు 2023లో 22 భారతీయ భాషలకు అనువాద సాఫ్ట్‌వేర్‌ను బహిరంగముగా విడుదల చేసిరి. అట్టివానికి ఆహారమగు తెలుగులో కన్నడపు వాసన గల మన పావగడ పలుకుబడి ఎంత యుండునో, అది మనము వ్రాసి యుంచినదానిపై నాధారపడియుండును.

తల్లిదండ్రులకు విన్నపము

కొత్త సాంకేతిక వార్త ఇంటికి వచ్చినపుడు పిల్లల యెదుట మూడు ప్రశ్నలు వేయవలెనని మా కోరిక. దీని మూలరచనను ఎవరు చూడగలరు? చెడినచో ఎవరు బాగుచేయగలరు? రేపు ఇచ్చినవారు మానుకొనినచో మన వ్రాతలు మనకు దక్కునా? జవాబులు తెలియనిచో తెలియదనియే బిడ్డతో చెప్పి, కలిసి వెదకవలెను.

పిమ్మట చేయదగిన పనులు కొన్ని గలవు. పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగును కన్నడమును టైపు చేయ నేర్పింపవలెను. ఇంటిలోని పాటలు, సామెతలు, ఊరిపేర్ల కథలు అవ్వతాతల నోట విని యూనికోడులో వ్రాసి దాచవలెను. పాఠశాలకు కంప్యూటర్లు వచ్చునపుడు, వానిపై నే సాఫ్ట్‌వేర్ నడచును, ఏటేట దానికి ఎంత చెల్లింపవలెను అని సభలో అడుగవలెను. పెద్ద తరగతుల బిడ్డలలో ఆసక్తి గలవారిని తెలుగు వికీపీడియాలో తమ గ్రామమును గూర్చిన పుటను చదివి, తప్పులున్నచో దిద్దునట్లు ప్రోత్సహింపవలెను. ఒకరి అనుమతికై వేచియుండక తన భాషలోని తప్పును తానే దిద్దిన బిడ్డ, వార్తలను గూర్చి మనకంటె మేలైన అభిప్రాయములు చెప్పగలదు.