జమ్మే ఘాబాజరియు

సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ తెలంగాణ నేత కుటుంబాలు ఎన్నో. ఆ ప్రాంతం గుండా మీఠీ ఖాడీ పారుతుంది. వాగులు, చెరువుల అంచున నిలువెత్తు పెరిగి గోధుమరంగు కంకి వేసే మొక్కను మన పెద్దలు జమ్ము అంటారు. గుజరాతీలో అది ఘాబాజరియు. ‘ఘా’ అంటే గాయం, ‘బాజరియు’ అంటే సజ్జ కంకి. కంకి నూగును గాయాలకు అద్దిన పాత అలవాటు ఆ పేరులో మిగిలింది. శాస్త్రనామం టైఫా.

దీన్ని తుంగ అని పొరబడుతుంటాం. తుంగ కాడ సాధారణంగా మూడు పలకలుగా ఉంటుంది. జమ్ము ఆకు పొడవాటి పట్టీలా ఉంటుంది. ఒకే కాడపై మగపూలు పైన, ఆడపూలు కింద పూస్తాయి. నూగు గింజలు గాలిలో ఎగిరిపోతాయి, వేరుదుంపలు బురదలో పాకుతాయి. అందుకే కోసినా మళ్లీ మొలుస్తుంది.

ఆకులతో చాపలు అల్లుతారు, ఇళ్లు కప్పుతారు. వేళ్లను అంటుకున్న సూక్ష్మజీవులు మురుగును విచ్ఛిన్నం చేస్తాయి. మొక్క నత్రజని, భాస్వరాలను పీల్చుకుంటుంది. కోయకుండా వదిలేస్తే మాత్రం కుళ్లి, పీల్చినదాంట్లో చాలా భాగం తిరిగి నీటికే ఇస్తుంది. దట్టంగా అల్లుకుంటే ప్రవాహానికీ అడ్డే. వానాకాలంలో ఖాడీ పొంగే లింబాయత్ వంటి చోట అది చిన్న మాట కాదు. కనుక జమ్మును అంచున ఉంచాలి, నీటి దారిలో తీసేయాలి, ఏటా కోస్తుండాలి.