శిఖిముఖికి పిల్లలు వేసిన మార్కులు

మా వసారాలోని బీరువాలో అన్నిటికన్నా ఎక్కువ నలిగిన పుస్తకం ‘శిథిలాలయం’. అది కొన్న పుస్తకం కాదు. మా నాన్న నెలనెలా వచ్చే చందమామల్లోంచి ఆ పేజీలు విడదీసి, దాచి, ఉయ్యూరులో బైండు చేయించిన కట్ట. నేను తెలుగు టీచరుగా ఉన్నన్నాళ్ళూ బడిపిల్లలకు ఇచ్చేదాన్ని. రిటైరయ్యాక ఎండాకాలం సెలవుల్లో మా పామిడిముక్కల పిల్లలే ఇంటికొచ్చి పట్టుకెళ్తున్నారు. ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెడతాను. తిరిగిచ్చేటప్పుడు ఎలా ఉందో చెప్పాలి. ‘బాగుంది’ అంటే ఒప్పుకోను. ఏది బాగుందో, ఎక్కడ విసుగొచ్చిందో చెప్పాలి. ఆ మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెడుతున్నాను. పిల్లల సాహిత్యం మీద పెద్దవాళ్ళు రాసిన వ్యాసాలు చాలా చదివాను గానీ ఇంత నిక్కచ్చి మాటలు వాటిలో నాకు దొరకలేదు.

ఈ కాలం తల్లిదండ్రులకు ముందు ఆ నవల సంగతి చెప్పాలి. రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం. మనకు కృష్ణ అవతల, తెనాలి ప్రాంతం మనిషి. 1952లో మద్రాసు వెళ్ళి చందమామలో చేరారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి 1978లో ‘మాయాసరోవరం’ ముగిసేదాకా పన్నెండు సాహస ధారావాహికలు రాశారు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం... మా తరానికి ఇవి చుట్టాల పేర్లంత బాగా తెలుసు. బొమ్మలు చిత్రగారివి. అసలు పేరు టి.వి. రాఘవన్. ఆయన గీసిన రాక్షసుణ్ణి చూసి భయపడని పిల్లలు లేరు, చూడకుండా పేజీ తిప్పినవాళ్ళూ లేరు. చందమామ ఎన్నో భాషల్లో వచ్చేది కాబట్టి ఈ కథలు తమిళ పిల్లలూ చదివారు, హిందీ పిల్లలూ చదివారు.

అన్ని ఏళ్ళలోనూ ఆ ధారావాహికల మీద రచయిత పేరు లేదు. ఆ పత్రిక పద్ధతి అది. చందమామ సంపాదకత్వం చూసే కొడవటిగంటి కుటుంబరావుగారే రాస్తున్నారని చాలామంది అనుకునేవారు. మా నాన్న కూడా చివరిదాకా అలాగే నమ్మారు. అంటే లక్షలమంది పిల్లలు ఎవరు రాశారో తెలియకుండా, ఏ బిరుదూ ఏ బహుమతీ అట్ట మీద లేకుండా, కేవలం కథ చూసి మెచ్చుకున్నారు. రచయితకు ఇంతకన్నా నిజమైన పరీక్ష ఉంటుందని నేను అనుకోను.

బహుమతుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పిల్లల పుస్తకాలకు కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం 2010లో మొదలైంది. యాభై వేల రూపాయలు, తామ్రఫలకం. తెలుగులో తొలి పురస్కారం ఒక నవలకే వచ్చింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పాకాలకు చెందిన కలువకొలను సదానందగారి ‘అడవితల్లి’ అది. తగిన రచయితకే వెళ్ళింది. 2024లో మళ్ళీ ఒక నవలకు, పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి ‘మాయాలోకం’కు ఇచ్చారు. దాసరిగారు మాత్రం 2010 జనవరి 27న విజయవాడలో కన్నుమూశారు. ఆ పురస్కారం పుట్టిన ఏడే ఆయన పోయారు.

ఇక నోటుబుక్కులోకి వస్తాను.

ఏడో తరగతి కుర్రాడొకడు చెప్పింది ముందు రాస్తాను, ఎందుకంటే చాలామంది చెప్పింది అదే. “ప్రతి భాగం చివర మనల్ని లోయలో పడేసి వెళ్ళిపోతాడు టీచర్.” అన్నం తినమని వాళ్ళమ్మ పిలిచినా లేవలేదట. నెలకొక భాగం కోసం పుట్టిన ఆ ఒడుపు బైండు పుస్తకంలోనూ పనిచేస్తోంది. కానీ వీరంకిలాకు నుంచి వచ్చే పెద్దాయన, కాలవ మీద లస్కరుగా చేసి రిటైరైన మనిషి, దానికి ఒప్పుకోరు. “నెల్లాళ్ళు ఆగి చదివితే ఉండే రుచి వేరమ్మా. ఆ నెల్లాళ్ళూ కథ మేమే అల్లుకునేవాళ్ళం. ఒక్క పూటలో చదివేస్తే అల్లుకునేదేముంది?” అన్నారు. ఆ మాట చాలాకాలం నాతో ఉంది. ధారావాహిక చదివిన పిల్లవాడు సగం రచయిత కూడా అయ్యేవాడన్నమాట.

చెరుకు కొట్టడానికి వచ్చిన కుటుంబంలోని కుర్రాడు ఒకడు కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదివి, చాలా రోజులకు పుస్తకం తెచ్చిచ్చాడు. వాడికి నచ్చింది మాంత్రికులు కాదు, ఖడ్గాలు కాదు. శిఖిముఖి అడవిలో పుట్టినవాడు, విక్రమకేసరి క్షత్రియుడు. ఇద్దరూ కలిసి తిరుగుతారు. “శిఖిముఖి ఆయనకి పనోడు కాదు కదండీ, స్నేహితుడు కదా” అని నన్ను రెట్టించి అడిగాడు. అవునన్నాను. వాడి ముఖం వెలిగింది. పాఠం చెప్పకుండా దాసరిగారు చెప్పిన సంగతి అది. మిగతా నవలలు కొన్నిటిలోనూ అంతే. ఖడ్గవర్మకు జీవదత్తుడు, జయశీలుడికి సిద్ధసాధకుడు. వాటిలోనూ ఇద్దరు. ఒకడికి ఆపద వస్తే రెండోవాడు ఉంటాడు. ఒంటరి వీరుడి కథలు సినిమాల్లో ఎన్నో చూస్తున్న పిల్లలకు ఇది కొత్తగా, హాయిగా ఉంది.

అందరూ మెచ్చుకోలేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలు సమాసాల దగ్గర ఆగిపోయారు. ఒకడు మొదటి భాగం దాటలేదు, తిరిగిచ్చేశాడు. మరొకడు ప్రతి భాగం మొదట్లో వచ్చే ‘జరిగిన కథ’ మాత్రం చదివి మొత్తం చదివానన్నాడు. ఆ చిన్న చిన్న పేరాలతోనే వాడికి కథంతా తెలిసిపోయింది! అంత పొదుపుగా రాశారు వాటిని.

ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. పుస్తకమంతా ఇష్టంగా చదివింది. చివర అంది: “అన్ని అడవులూ వాళ్ళిద్దరే తిరిగారు. మేము ఎప్పుడు తిరుగుతాం టీచర్?” ఆడవాళ్ళు ఆ కథల్లో ఉన్నారు గానీ, గుర్రమెక్కి బయల్దేరేది మగపిల్లలే. ఈ లోటు మనవాళ్ళది మాత్రమే కాదు. ఉమ్మడి కృష్ణాజిల్లా విస్సన్నపేటలో పుట్టిన నండూరి రామమోహనరావుగారు ‘కాంచన ద్వీపం’గా తెలుగు చేసిన స్టీవెన్సన్ నవల తీసుకోండి. 1881లో స్టీవెన్సన్ తన సవతి కొడుకు కోసం ఒక దీవి పటం గీసి, దాని చుట్టూ కథ మొదలుపెట్టారు. కథలో ఆడవాళ్ళు ఉండకూడదని షరతు పెట్టింది ఆ కుర్రాడే. అది పిల్లల వారపత్రికలో మారుపేరుతో వచ్చినప్పుడు పెద్ద సందడేమీ చేయలేదు. 1883లో పుస్తకమయ్యాకే పేరొచ్చింది. తొలి పాఠకుడి మాట విని రాయడం మంచిదే. ఆ పాఠకుల్లో ఒక అమ్మాయి కూడా ఉండి ఉంటే ప్రపంచం మొత్తం మీద సాహస నవల తీరే మారి ఉండేది. ఇప్పుడు తెలుగులో రాసేవాళ్ళు మా ఎనిమిదో తరగతి అమ్మాయి ప్రశ్నను బల్ల మీద పెట్టుకుని రాయాలి.

ఇంత చెప్పడం ఎందుకంటే, మన దగ్గర పిల్లల పుస్తకానికి బహుమతి ఇచ్చేది పెద్దవాళ్ళే. అకాడమీ పురస్కారానికైతే ప్రతి భాషకూ ముగ్గురు పెద్దలు కూర్చుని తేలుస్తారు. వాళ్ళ చదువు మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ పుస్తకం ఎవరి కోసం పుట్టిందో వాళ్ళనెవరూ అడగరు. అమెరికా వాయవ్య ప్రాంతంలో 1940 నుంచి పిల్లలే ఓట్లు వేసి తమకు నచ్చిన పుస్తకానికి బహుమతి ఇస్తున్నారు. బడుల్లో, లైబ్రరీల్లో చదువుతారు, చదివినవాళ్ళు ఓటు వేస్తారు. అంతే. దీనికి పెద్ద ఖర్చు లేదు. మన శాఖా గ్రంథాలయాల్లో, జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో చేయగలిగిందే.

కాబట్టి టీచర్లకూ, లైబ్రేరియన్లకూ, పిల్లల పుస్తకాలు వేసేవారికీ నా విన్నపం ఇది. ఈ ఏడు పురస్కారం వచ్చిన పుస్తకాన్ని, దాంతోపాటు ఏ పురస్కారం రాని ఒక పాత సాహస నవలని మీ బడిలో పదిమంది పిల్లల చేతిలో పెట్టండి. నెల ఆగండి. తర్వాత వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, మీ మాట ఒక్కటీ కలపకుండా, కాగితం మీద రాసి ఆ రచయితకు పంపండి. వాళ్ళకు విసుగొచ్చిన చోట్లు కూడా రాయండి. రచయితకు ముందుగా కావలసింది అదే.