కొండల నడుమ ఒక దినము

మన పల్లెల్లో ప్రయాణము అంటే ఏమిటో మీకు తెలుసు. పెండ్లికి పోతాము, చావుకు పోతాము, ఆసుపత్రికి పోతాము. పాలమూరు వాళ్లమైతే పని వెదుక్కుంటూ ముంబయి, పూణే దాకా కూడ పోతాము. కాని ఒక కొండను, ఒక నీటిని ఊరికే చూచి సంతోషించి రావడానికి ఎప్పుడైనా పోయామా? "అది పట్నపోళ్ల పని అయ్యగారూ, మనకెందుకు?" అని మా శ్రీరంగాపూర్ సంఘములో ఒక పెద్దాయన అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. నలభై ఏండ్లు దాటిన నేను కూడ ఇంత దగ్గరలో ఉన్న సోమశిలను అప్పటివరకు చూడలేదు.

ఈ మాట మొదట స్త్రీల కూటములో పుట్టింది. వరి కోతలు అయిపోయి, వడ్లు అమ్ముడుపోయి, చేతిలో నాలుగు రూపాయలు ఉన్న డిసెంబరు నెల అది. మనిషికి 350 రూపాయలు వేసుకొని ఒక చిన్న బస్సు మాట్లాడాము. మొత్తము 32 మందిమి. వారిలో ఇద్దరిని గురించి ముందుగానే మీకు చెప్పాలి. ఒకరు డెబ్బై ఐదేండ్ల అవ్వ. మరొకరు ఆమెకు తోడబుట్టిన తమ్ముడు. ఇద్దరూ మా సంఘస్థులే. ఆదివారము ఆమె స్త్రీల వైపు కూర్చుంటుంది, ఆయన పురుషుల వైపు కూర్చుంటాడు. ఇద్దరి మధ్య మాట లేక నలభై ఏండ్లు దాటింది. నేను ఈ ఊరికి వచ్చిన తొమ్మిదేండ్లలో రెండుసార్లు వారిని కలపాలని చూచి రెండుసార్లూ ఓడిపోయాను. ఆ దినము అవ్వ బస్సులో ముందు సీటులో కూర్చున్నది. తమ్ముడు అందరికన్నా వెనుక కూర్చున్నాడు.

తెల్లవారక ముందే రంగసముద్రము కట్ట మీద చేరాము. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన పెద్ద చెరువులను మన పెద్దలు సప్త సముద్రాలు అని పిలిచారు. అందులో మా ఊరి రంగసముద్రము ఒకటి, కొత్తకోట వైపున్న శంకరసముద్రము ఒకటి. చెరువుకు సముద్రము అని పేరు పెట్టారంటే ఈ ఎండల దేశములో నీటి విలువ వారికి ఎంత తెలుసో చూడండి. ఈ కాలములో రంగసముద్రము భీమా ఎత్తిపోతల పథకములో జలాశయమైంది. కృష్ణ నీళ్లు ఎత్తిపోసి దీనిని నింపుతున్నారు. "మనము చూడబోతున్నది ఈ నీళ్ల తల్లినే" అని పిల్లలకు చెప్పి, ప్రార్థన చేసుకొని బయలుదేరాము.

వీపనగండ్ల మీదుగా కొల్లాపూర్ చేరేసరికి బాగా పొద్దెక్కింది. సురభి రాజుల సంస్థానమైన కొల్లాపూర్ మామిడి తోటలకు పేరు పొందిన ఊరు. అక్కడ టీ తాగి, ఇంకా పది కిలోమీటర్ల దాకా పోతే సోమశిల. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు జనము దిగడానికి ఇక్కడ మెట్లు కట్టారు. ఆ మెట్ల మీద నిలబడి చూస్తే మా పిల్లలు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. ఇటు కొండలు, అటు కొండలు, మధ్యలో కంటికి ఆనినంత దూరము నీళ్లు. అవతలి ఒడ్డు నంద్యాల జిల్లా. "అయ్యగారూ, ఇది నదా, చెరువా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న అడిగాడు. అది నదే. కాని దిగువన శ్రీశైలము దగ్గర ఆనకట్ట కట్టడము వలన ఇంత దూరము వెనక్కు నిలిచి చెరువైపోయిన నది.

మాకు దారి చూపించడానికి పడవలో ఒక మనిషి ఎక్కాడు. చిన్నప్పటి నుండి ఇదే నీళ్లలో చేపలు పట్టినవాడు. అతడు చేసిన మొదటి పని లైఫ్ జాకెట్లు పంచడము. మాలో ఒక రైతు, "నాకు ఈత వచ్చులే, ఉక్కపోస్తది" అని పక్కన పెట్టాడు. అతడు కోపపడలేదు. "అన్నా, 2007 జనవరిల మంచాలకట్ట కాడ పడవ మునిగితే అరవైమంది దాకా పోయిండ్రు. వాళ్లల్ల కూడ ఈత వచ్చినోళ్లు ఉండిరి" అన్నాడు. ఆ రైతు మారు మాట లేకుండా జాకెట్టు తొడుక్కున్నాడు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదము కూడ మనము మరచిపోకూడదు. జాకెట్టు లేనిదే పడవ ఎక్కమని చెప్పడము పిరికితనము కాదు.

పడవ కదిలింది. కొంతసేపటికి కొండలు రెండు వైపులా దగ్గరకు వచ్చాయి. ఇక్కడి నుండి కృష్ణ నల్లమల కొండలను కోసుకుంటూ లోయలో పోతుంది. గోడలాగ నిలిచిన బండలను చూస్తే ఒకదాని మీద ఒకటి రొట్టెలు పేర్చినట్లు పొరలు పొరలుగా ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిని క్వార్ట్‌జైట్ అంటారు. ఇసుక అడుగున పేరుకొని, బరువుకు, వేడికి బిగుసుకొని రాయి అయినది. ఈ పొరల వయస్సు నూరు కోట్ల సంవత్సరాలకు పైబడినదని చెబుతారు. ఇంత గట్టి రాతిని కోసినది గొడ్డలి కాదు, నీరు, దానితో పాటు కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్లు. కడప జిల్లా గండికోట దగ్గర పెన్నా నది కూడ ఎర్రమల కొండలను ఇలాగే కోసింది. అమెరికాలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, కొన్ని చోట్ల ఒకటిన్నర కిలోమీటరుకు మించిన లోతు ఉన్నది. దానిని చూడటానికి లోకమంతా విమానాలెక్కి పోతుంది. మన ఇంటి పెరట్లో ఉన్న లోయను మనము చూడలేదు!

దారిలో అమరగిరి వైపు చూపించి, అక్కడి చెంచులు చేపల వేటతో బ్రతుకుతారని చెప్పాడు. ఆ కొండల వెనుక అమ్రాబాద్ పులుల అడవి. సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల అడవి అది. పులి కనబడుతుందేమోనని పిల్లలు ఒడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు. కనబడినది నీటికోళ్లు, ఒక కొంగల గుంపు మాత్రమే. అయినా వారి సంతోషము తగ్గలేదు.

తిరుగు దారిలో పడవ నిదానించింది. "ఇగ ఈ నీళ్ల కింద ఊర్లున్నయి" అన్నాడు మా దారి చూపేవాడు. అందరూ నిశ్శబ్దమయ్యారు.

ఇది కథ కాదు. శ్రీశైలము ప్రాజెక్టుకు 1960 జూలైలో అప్పటి ప్రధానమంత్రి నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు, 12 గేట్లు. నీటిమట్టము 885 అడుగులకు చేరితే జలాశయము నిండినట్లు. మొదట 308 టీఎంసీల నీరు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు సుమారు 215 టీఎంసీలే పడుతున్నది. ఈ నీటి కోసము కృష్ణకు ఇరువైపులా వందకు పైగా గ్రామాలు ఖాళీ అయినాయి. సుమారు లక్షమంది ఇండ్లు వదిలిపెట్టారు. 1981లో ఊర్లకు ఊర్లు పడగొట్టారు. పాత గుళ్లు కొన్నిటిని రాయి రాయి విప్పి అలంపూర్‌కు, ఇతర చోట్లకు తరలించి మళ్లీ కట్టారు. కాని మనిషి బ్రతుకును రాయి రాయి విప్పి మరొక చోట కట్టడము ఎవరి వలన అవుతుంది? నిర్వాసిత కుటుంబములో ఒకరికి ఉద్యోగమని 1986లో 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. దాని కోసము ఎదురు చూస్తూనే ముసలివాళ్లయినవారు ఈ ప్రాంతములో ఎందరో ఉన్నారు.

అవ్వ లేచి నిలబడింది. నేను చేయి పట్టుకున్నాను. నీటి వైపు చూపిస్తూ, "మా ఊరు గీడనే ఉండె అయ్యా" అన్నది. ఆమె ఆ ఊరి ఆడపడుచు అని నాకు తెలుసు గాని, ఆ ఊరిని గురించి ఆమె నోరు విప్పగా నేను ఎప్పుడూ వినలేదు. "గదిగో, ఆ కొండ బోడి తల కనబడుతలేదా? దాని కింద మా చేను. ఇటు దిక్కు వాగు. ఊరు మొదట్ల బొడ్రాయి. మా ఇంటి ముందట పెద్ద యాపచెట్టు..."

పడవ వెనుక నుండి ఒక గొంతు వినబడింది. "యాపచెట్టు కాదు. చింతచెట్టు."

అందరూ వెనుకకు తిరిగి చూశారు. తమ్ముడు తల వంచుకొని తన చేతుల వంక చూచుకుంటున్నాడు. అవ్వ ఆయన వైపు తిరగలేదు. నీళ్ల వైపే చూస్తూ కొంచెము ఆగి, "అవ్, చింతచెట్టే. యాపచెట్టు బొడ్రాయి కాడ ఉండె" అన్నది.

"బాయి కాడ" అన్నాడు ఆయన.

"ఏ బాయి?"

"చేదబాయి. అమ్మ నీళ్లు చేదేది."

అమ్మ అన్న మాట వచ్చేసరికి అవ్వ కూర్చుండిపోయింది. కొంగు ముఖము మీద వేసుకున్నది. తరువాత ఆ ముసలివారిద్దరు మాట మీద మాట అందిస్తూ ఒక ఊరిని నీళ్ల అడుగు నుండి పైకి తీశారు. ఎవరి ఇల్లు ఎక్కడ, ఏ గోడ పక్కన ఏ గోడ, ఏ సందులో గొర్రెల దొడ్డి, నాయనను ఏ దిక్కున సమాధి చేశారు, అన్నీ. మా దారి చూపేవాడు ఇంజను ఆపి మౌనముగా విన్నాడు. మా పిల్లలు పులిని మరచిపోయారు.

వారి మధ్య గొడవ ఏమిటో ఇప్పుడు చెబుతాను. ఊరు మునిగినప్పుడు భూమి పట్టా ఎవరి పేర ఉంటే పరిహారము వారికే అందింది. తండ్రి చనిపోయాడు, పట్టా తమ్ముని పేర మారింది. అక్క పేరు ఏ కాగితము మీద లేదు. అప్పటికి ఆమె ఇద్దరు పిల్లలతో పుట్టింట్లోనే ఉన్నది, భర్త లేడు. డబ్బు తమ్ముడు తీసుకున్నాడు. ఆ డబ్బుతో కొత్త ఊరిలో ఇల్లు కట్టాడు. ఆమె కూలికి పోయి పిల్లలను పెంచింది. "నాకు రూపాయి ఇయ్యకపాయె, సరే. ఇయ్యల్నా అని అడుగనన్న అడుగలే" అని ఒకసారి నాతో అన్నది. నేను వారిని కలపడానికి పోయిన రెండుసార్లూ క్షమించమని ఆమెకే చెప్పాను. లెక్క చెప్పమని ఆయనను ఒక్కసారి కూడ అడగలేదు. అది నా తప్పు. నష్టపోయినవారినే ముందు తగ్గమనడము మనకు సులువుగా అలవాటైపోయింది. అలా చేయడము న్యాయము కాదని ఆ పడవ మీద నాకు తెలిసింది.

మధ్యాహ్నము ఒడ్డున చెట్టు కింద భోజనానికి కూర్చున్నాము. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, చింతపండు పులిహోర. అవ్వ తన మూట విప్పి రెండు రొట్టెలు తీసి, నా చేతికిచ్చి, "ఆయనకియ్యి అయ్యా, పండ్లు లేవు, మెత్తగ చేసిన" అన్నది. నేను తీసుకొని పోయి ఇచ్చాను. ఆయన తిన్నాడు. ఆ దినము అంతకన్నా ఎక్కువ ఏమీ జరగలేదు.

సాయంత్రము తిరిగి వస్తూ నీటిని గురించే ఆలోచించాను. అక్కడే ఎల్లూరు దగ్గర కృష్ణ నీళ్లను ఎత్తిపోసి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మీదుగా కల్వకుర్తి దాకా పంపుతున్నారు. వలస పోయే కుటుంబాలు కొన్ని ఆ నీళ్ల వలన ఇంటి పట్టున ఉండి పంట పండించుకుంటున్నాయి. ఒకరి ఊరిని ముంచిన నీరే మరొకరి చేనును తడుపుతున్నది. నీళ్లు మంచివా చెడ్డవా అని అడగడములో అర్థము లేదు. లాభము పొందినవారు నష్టపోయినవారిని తలచుకుంటున్నారా అనేదే ప్రశ్న. అది ఒక జలాశయానికీ వర్తిస్తుంది, ఒక ఇంటికీ వర్తిస్తుంది.

రెండు వారాల తరువాత ఒక రాత్రి తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు పంటల సంగతి మాట్లాడి, లేచేటప్పుడు, "అయ్యగారూ, ఆ పాత లెక్క ఒకసారి కూసొని తేల్చుకోవాలె. అక్కకు మీరు చెప్పుండ్రి" అన్నాడు. "నేను చెప్పను, నీవే పోయి చెప్పు" అన్నాను. గుమ్మములో కొంతసేపు నిలబడి వెళ్లిపోయాడు. మరుసటి దినము పోయాడని విన్నాను. లెక్క ఇంకా తేలలేదు. ఆ కాలపు రూపాయికి ఈ కాలపు రూపాయి ఎంత అన్న దగ్గర ఆగి ఉన్నది. కాని ఇప్పుడు వారి మధ్య మధ్యవర్తి లేడు. ఎదురెదురుగా కూర్చొని వారే మాట్లాడుకుంటున్నారు.

ప్రియ పాఠకులారా, మీ సంఘము కూడ ఇలాంటి ప్రయాణము పెట్టుకుంటే నావి నాలుగు మాటలు. వానాకాలము వెళ్లిన తరువాత నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పోండి, ఎండాకాలము నీరు వెనక్కు పోతుంది. పడవ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టుకోండి. ప్లాస్టిక్ సంచులు నీళ్లలో వేయకండి. చివరి మాట, ముసలివారిని ఇంట్లో విడిచి పోకండి. మెట్లు దిగలేరని, మోకాళ్ల నొప్పులని మనమే అనుకుంటాము. మా బస్సులో అవ్వకు సీటు లేదని మొదట మేము కూడ అనుకున్నాము. ఆమె రాకపోతే మేము కొండలను, నీళ్లను చూచి వచ్చేవాళ్లము. ఆ నీళ్ల కింద ఒక ఇంటి ముందు చింతచెట్టు ఉండేదని మాకు తెలిసేదే కాదు.