ఖాళీ గుంటలు చెప్పే లెక్క

సెకనుకు 100 గిగాబిట్లు మోసే లైను మీద అతి చిన్న ప్యాకెట్లు ఎడతెగకుండా వస్తుంటే, ఒకదానికీ మరొకదానికీ మధ్య దొరికే సమయం 6.7 నానోసెకన్లు. ఆ లోపు వెలుతురు కూడా రెండు మీటర్లే పోగలదు. అంతలోనే రౌటర్ ప్యాకెట్‌ను దారి పట్టించాలి. పైగా మనం ఇంకో మాట అడుగుతాం: ఈ నిమిషంలో నీ మీదుగా ఎన్ని వేర్వేరు ఫ్లోలు వెళ్లాయి?

పంపే అడ్రసు, అందుకునే అడ్రసు, రెండు వైపుల పోర్టు నంబర్లు, ప్రొటోకాల్. ఈ ఐదూ ఒకటే అయిన ప్యాకెట్లన్నీ కలిసి ఒక ఫ్లో. ఇంట్లో సినిమా చూస్తుంటే లక్షల ప్యాకెట్లు వస్తాయి, ఫ్లోలు మాత్రం పదో పరకో. ప్యాకెట్లు లెక్కపెట్టడం తేలిక. ఫ్లోల దగ్గరే చిక్కు: వచ్చింది కొత్తదా, ఇందాక చూసినదేనా?

ఈ లెక్క ఎంత అవసరమో 2001 జూలై 19న తెలిసింది. ఆ రోజు కోడ్ రెడ్ అనే వార్మ్ 14 గంటలు తిరక్కుండానే 3,59,000కు పైగా కంప్యూటర్లకు పాకింది. సోకిన ప్రతి యంత్రమూ ఏవేవో అడ్రసుల తలుపులు తడుతూ పోయింది. ఒక్కో తట్టుడుకు అయ్యే డేటా చాలా తక్కువ, కానీ ప్రతిదీ ఒక కొత్త ఫ్లో. అందుకే ఫ్లోల సంఖ్య మీద కన్నేసి ఉంచితే ఇలాంటి దాడి తొందరగా పట్టుబడుతుంది.

పేర్లన్నీ రాసుకుంటే సరిపోదా? ఒక్కో పేరుకు 13 బైట్లు. కోటి ఫ్లోలకు 13 కోట్ల బైట్లు. అంత పట్టే మామూలు మెమరీలో ఒక్కసారి వెతకడానికే పదుల నానోసెకన్లు పడతాయి. వేగంగా పనిచేసే మెమరీ ఉంది గానీ, అది కొంచెమే, ఖరీదూ ఎక్కువ.

పేర్లు రాయకుండానే లెక్క తేల్చాలంటే, వామనగుంటల పలక ఒకటి ఊహించుకోండి, వెయ్యి గుంటలున్నది. ఫ్లో పేరును హ్యాష్ అనే సూత్రంలో వేస్తే ఒక గుంట నంబరు వస్తుంది. అక్కడ చింతగింజ వేస్తాం, ముందే ఉంటే వదిలేస్తాం. ఒకే పేరుకు ఎన్నిసార్లు అడిగినా అదే గుంట. కాబట్టి ఆ ఫ్లో లక్ష ప్యాకెట్లు పంపినా గింజ ఒక్కటే. నిమిషం అయ్యాక సగం గుంటలు ఖాళీగా కనిపించాయి. అంటే 500 ఫ్లోలా? 693. ఒకే గుంటకు ఇద్దరు ముగ్గురు పోటీపడి ఉంటారు కదా, ఆ దాగినవాళ్లను ఖాళీల నిష్పత్తే పట్టిస్తుంది. వంద మాత్రమే ఖాళీ అయితే లెక్క 2,303 దాకా పోతుంది. నాకు ఇందులో ఇదే అన్నిటికన్నా ముచ్చటైన సంగతి: నిండిన గుంటలు దాచిన నిజాన్ని ఖాళీవి చెబుతాయి. గుంటకు ఒక బిట్ చొప్పున మొత్తం ఖర్చు 125 బైట్లు.

1990లో డేటాబేసుల కోసం పుట్టిన ఈ పద్ధతిని పదును పెట్టి, 2003లో ఎస్టన్, వర్గీస్, ఫిస్క్ అనే పరిశోధకులు వేగమైన లింకుల మీద ఫ్లోల లెక్కకు మలిచారు. గుంటలన్నీ నిండిపోతే ఏమీ తెలియదు గనక, వాళ్లు రకరకాల స్థాయుల పలకలు కలిపి వాడారు.

ఫ్రాన్స్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఫిలిప్ ఫ్లాజొలే ఇంకో దారి పట్టారు. హ్యాష్ ఇచ్చిన సంఖ్యను సున్నాలు, ఒకట్లుగా రాసి, మొదట్లో వరసగా ఎన్ని సున్నాలున్నాయో చూడాలి. నాణెం ఎగరేస్తే వరసగా పదిసార్లు బొరుసు పడటం దాదాపు వెయ్యికొకసారి. పది సున్నాల వరస కనబడిందంటే ఇంచుమించు వెయ్యి ఫ్లోలు వచ్చి ఉంటాయి. రాసుకోవలసింది ‘పది’ అన్న అంకె ఒక్కటే. అయితే ఒక్క వరసను నమ్మితే లెక్క ఘోరంగా తప్పవచ్చు. అందుకని ఫ్లోలను వేల బుట్టల్లోకి పంచి, ఏ బుట్టకు ఆ బుట్ట అతి పెద్ద వరసను రాసి, సగటు లాంటిది తీస్తారు. 2007లో ఆయన బృందం ప్రకటించిన హైపర్‌లాగ్‌లాగ్ 1.5 కిలోబైట్లతో వంద కోట్లకు పైబడిన లెక్కను కూడా సుమారు 2 శాతం తేడాతో చెప్పగలదు.

ఏ ఫ్లో వచ్చిందని అడిగితే ఈ పద్ధతులు చెప్పలేవు. దాడి చేసినవాణ్ణి వెతకడానికి వేరే పనిముట్టు కావాలి. కానీ రెండు రౌటర్ల లెక్కలు కలపాలంటే ఇంత సుళువైనది లేదు: రెండు చోట్లా ఒకే హ్యాష్ వాడి, బుట్టకు బుట్ట పోల్చి పెద్ద అంకెను ఉంచుకోవడమే. రెండు రౌటర్లనూ దాటిన ఫ్లో రెండు చోట్లా అదే బుట్టకు అదే అంకె ఇచ్చి ఉంటుంది, అందుకే రెండుసార్లు లెక్కకు రాదు.