తెలుగు వెబ్‌పుటల విన్యాసం, మార్గసూచిక: సీఎస్‌ఎస్ ప్రమాణాల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వెబ్‌సైటును ప్రమాణబద్ధంగా నిర్మించడం సాంకేతిక నిపుణుల వ్యవహారమనే భావన తెలుగు శాఖల్లో బలంగా ఉంది. తెలుగు పుట విషయంలో ఆ భావన సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. శామీర్‌పేట పరిసరాల్లోని రెండు సంస్థలను నేపథ్యంగా తీసుకుని, సీఎస్‌ఎస్ ద్వారా పుట విన్యాసాన్ని, మార్గసూచికను నిర్మించే పద్ధతిని వివరిస్తుంది. తెలుగు లిపి స్వభావం వల్ల తలెత్తే ప్రత్యేక సమస్యలను, వాటి పరిష్కారాలను సోదాహరణంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: సీఎస్‌ఎస్, వెబ్ ప్రమాణాలు, పుట విన్యాసం, మార్గసూచిక, తెలుగు లిపి, యూనికోడ్, సుగమ్యత, శామీర్‌పేట.

1. ఉపోద్ఘాతం:
మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. జిల్లా సమీకృత కార్యాలయాల సముదాయం శామీర్‌పేట మండలంలోని అంతాయిపల్లిలో 2022 ఆగస్టు 17న ప్రారంభమైంది. ఆ భవనంలోకి వెళ్లేందుకు ఒక వాకిలి ఉన్నట్లే, జిల్లా పాలనలోకి వెళ్లేందుకు మరొక వాకిలి ఉంది. అది జిల్లా వెబ్‌సైటు. జాతీయ సూచన విజ్ఞాన కేంద్రం, అనగా ఎన్‌ఐసీ, రూపొందించిన ఎస్3వాస్ అనే చట్రంపై ఇది నడుస్తుంది. ఆ చట్రం పేరులో ‘సుగమ్య’ అనే పదం ఉండటం గమనార్హం. ఎవరికైనా సులభంగా ప్రవేశం కల్పించేది సుగమ్యం.

అదే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. సుగమ్యతను గురించి దేశ న్యాయచరిత్రలో నిలిచిపోయే ఒక నివేదికను అక్కడి వైకల్య అధ్యయన కేంద్రమే తయారుచేసింది. వాకిలి ఒక చోట, ఆ వాకిలి ఎలా ఉండాలన్న చర్చ మరొక చోట, రెండూ ఒకే మండల పరిసరాల్లో కనబడతాయి. ఈ ప్రాంతంలోని కళాశాలల్లో తెలుగు బోధించేవారు, పరిశోధించేవారు కూడా నేడు ఏదో ఒక వెబ్‌పుటకు బాధ్యులవుతున్నారు. శాఖ పుట, సదస్సు ప్రకటన, అంతర్జాల పత్రిక, సిద్ధాంత గ్రంథాల జాబితా మొదలైనవన్నీ ఈ కోవలోనివే. అందుచేత ఈ చర్చ మనకు సంబంధించినదే.

2. ప్రమాణాలకు చట్టబద్ధత:
దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. శ్రవణ, ముద్రిత, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని విషయం దివ్యాంగులకు అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ఆ చట్టంలోని 42వ సెక్షన్ చెబుతుంది. 2017 నాటి నియమావళిలోని 15వ నియమం, వెబ్‌సైట్లు భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలను పాటించాలని, వాటిలో ఉంచే పత్రాలు ఈపబ్ రూపంలో గాని, అక్షరాలను యంత్రం గుర్తించగల పీడీఎఫ్ రూపంలో గాని ఉండాలని పేర్కొన్నది.

రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2023లో నల్సార్ కేంద్రాన్ని క్షేత్రస్థాయి నివేదిక కోరింది. ‘ఫైండింగ్ సైజెస్ ఫర్ ఆల్’ అనే శీర్షికతో ఆ నివేదిక న్యాయస్థానానికి అందింది. 2024 నవంబరు 8న వెలువడిన తీర్పు, 15(1) నియమం మూలచట్టానికి అనుగుణంగా లేదని తేల్చింది. చట్టం తప్పనిసరి చేసిన దానిని నియమం కేవలం సిఫారసుగా మార్చివేసిందన్నది అందుకు కారణం. తప్పనిసరి ప్రమాణాలను, క్రమంగా సాధించవలసిన ఆదర్శాలను వేరుచేసి కొత్త నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం కల్పించే జీవన హక్కులో భాగమని అదే న్యాయస్థానం ప్రకటించింది. అంటే ప్రమాణం పాటించడం ఇక రూపకర్త అభిరుచికి వదిలే విషయం కాదు.

3. నిర్మాణం, రూపం:
హోకన్ వియమ్ లీ 1994 అక్టోబరు 10న సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించాడు. బెర్ట్ బోస్‌తో కలిసి దానిని అభివృద్ధి చేశాడు. 1996 డిసెంబరు 17న డబ్ల్యూ3సీ సంస్థ దాని తొలి రూపాన్ని ప్రమాణంగా ఆమోదించింది. దీని మూలసూత్రం ఒక్కటే. విషయ నిర్మాణాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్ చెప్పాలి. అది కంటికి ఎలా కనబడాలో సీఎస్‌ఎస్ చెప్పాలి.

శబ్దం, అలంకారం అనే భేదం తెలిసిన సాహిత్య విద్యార్థికి ఇది కొత్త విషయం కాదు. ఒక వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో, ముదురు రంగులో చూపినంత మాత్రాన అది శీర్షిక కాదు. దానిని శీర్షికగా గుర్తిస్తేనే స్క్రీన్ రీడర్ శీర్షికగా చదువుతుంది. చూపులేని పరిశోధకుడు శీర్షిక నుండి శీర్షికకు దూకుతూ వ్యాసాన్ని పరామర్శించగలడు. అలంకారాన్ని తొలగించినా అర్థం నిలవాలి. సీఎస్‌ఎస్‌ను పూర్తిగా ఆపివేసినప్పుడు పుటలోని విషయం పై నుండి కిందికి సక్రమంగా చదవడానికి వీలుగా ఉంటే, నిర్మాణం సరిగా ఉన్నట్లు.

తెలుగులో ఈ సూత్రాన్ని ఉల్లంఘించిన చరిత్ర సుదీర్ఘమైనది. యూనికోడ్‌కు ముందు వాడుకలో ఉన్న ఫాంట్లలో ఆంగ్లాక్షరాల స్థానాల్లో తెలుగు ఆకృతులను అమర్చేవారు. తెరపై తెలుగు కనబడుతుంది. లోపల ఉన్నది తెలుగు కాదు. అను ఫాంట్లలో టైపు చేయించిన సిద్ధాంత గ్రంథం నుండి ఒక పేరా తీసి వేరొక చోట అతికించినప్పుడు అర్థంలేని ఆంగ్లాక్షరాలు రావడం మనలో అనేకులకు అనుభవమే. అక్కడ రూపమే ఉంది, నిర్మాణం లేదు. స్కాన్ చేసి చిత్రంగా పెట్టిన ప్రకటన కూడా అంతే. దానిని శోధన యంత్రం వెతకలేదు, స్క్రీన్ రీడర్ చదవలేదు. ఎంత చక్కని సీఎస్‌ఎస్ రాసినా ఆ లోపాన్ని పూరించలేదు.

4. పుట విన్యాసం:
తొలినాళ్లలో పుటను గళ్లుగా విభజించేందుకు పట్టికలను వాడేవారు. తరువాత ఫ్లోట్ పద్ధతి వచ్చింది. నేడు ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ అనే రెండు విధానాలు ఆ అవసరాన్ని తీరుస్తున్నాయి. గ్రిడ్ 2017లో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకి వచ్చింది. అంశాలను ఒకే వరుసలో గాని, ఒకే నిలువులో గాని అమర్చడానికి ఫ్లెక్స్‌బాక్స్ తగినది. అడ్డం, నిలువు రెండింటినీ ఏకకాలంలో నియంత్రించడానికి గ్రిడ్ తగినది. శీర్షభాగం, మార్గసూచిక, ప్రధాన విషయం, పాదభాగం అనే నాలుగింటిని గ్రిడ్‌లో నిలిపి, మార్గసూచికలోని అంశాలను ఫ్లెక్స్‌బాక్స్‌తో అమర్చడం సాధారణ పద్ధతి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, వెడల్పులను స్థిరమైన పిక్సెళ్లలో నిర్ణయించకూడదు. 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పాఠకుడు పక్కకు జరపనవసరం లేకుండా చదవగలగాలని వెబ్ విషయ సుగమ్యతా మార్గదర్శకాలు, అనగా డబ్ల్యూసీఏజీ, నిర్దేశిస్తాయి. ముందుగా ఫోను తెరకు ఒకే నిలువు వరుసగా రాసి, తెర పెరిగినప్పుడు మీడియా క్వెరీతో వరుసలను పెంచడం మేలు. రెండవది, కంటికి కనబడే క్రమం, మూలంలోని క్రమం ఒక్కటిగా ఉండాలి. గ్రిడ్ సాయంతో చివరి అంశాన్ని మొదట చూపించడం సులభమే. అయితే స్క్రీన్ రీడర్, ట్యాబ్ మీట రెండూ మూలక్రమాన్నే అనుసరిస్తాయి. చూసేవారికి ఒక వ్యాసం, వినేవారికి మరొక వ్యాసం తయారవుతుంది.

5. తెలుగు లిపి – ప్రత్యేక సమస్యలు:
సీఎస్‌ఎస్ నమూనాలు అధికభాగం లాటిన్ లిపిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వాటిని యథాతథంగా తెలుగుకు వర్తింపజేస్తే దోషాలు వస్తాయి. మన ప్రాంత నామాలే ఇందుకు ఉదాహరణలు.

5.1 పంక్తి ఎత్తు: ‘మేడ్చల్’ అనే పదంలో యూనికోడ్ సంకేతాలు ఏడు, అక్షరాలు మూడు: మే, డ్చ, ల్. మొదటి అక్షరంలో ఏత్వం పైకి వెళ్తుంది; రెండవ దానిలో చ-వత్తు కిందికి దిగుతుంది. పైనా కిందా చోటు కావలసిన లిపి మనది. లైన్-హైట్ విలువ 1 లేదా 1.2గా ఉన్న ఆంగ్ల నమూనాలో పై పంక్తి వత్తు కింది పంక్తి గుడితో ఢీకొంటుంది. పెట్టె ఎత్తును స్థిరపరచి, మిగిలిన భాగాన్ని దాచమని ఆదేశిస్తే వత్తు తెగిపోతుంది. తెలుగుకు 1.6 నుండి 1.8 వరకు విలువ అనుకూలం. దానిని ప్రమాణం లేని సంఖ్యగా ఇవ్వాలి. అప్పుడు శీర్షికలు, పాఠ్యం తమ తమ అక్షర పరిమాణాన్ని బట్టి ఎత్తును లెక్కించుకుంటాయి.

5.2 అక్షరాల మధ్య దూరం: ఆంగ్ల శీర్షికలకు అందం కోసం లెటర్-స్పేసింగ్ పెంచడం, తగ్గించడం పరిపాటి. తెలుగులో దూరం పెంచితే పదం విడి అక్షరాల గుంపుగా కనబడుతుంది; తగ్గిస్తే వత్తులు, గుణింతాలు పక్క అక్షరంపై పడతాయి. తెలుగు భాగానికి దీనిని సాధారణ స్థితిలో ఉంచడం ఉత్తమం.

5.3 ఒత్తి చెప్పడం: తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే భేదం లేదు. చాలా తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు ప్రత్యేకంగా ఉండవు. ఇటాలిక్ కోరితే బ్రౌజర్ మామూలు అక్షరాలనే కృత్రిమంగా వంచి చూపిస్తుంది. గ్రంథనామాలకు, ఉల్లేఖనాలకు ఉద్ధరణ చిహ్నాలో, ముదురు అక్షరాలో వాడటం మన ముద్రణ సంప్రదాయానికి కూడా దగ్గరగా ఉంటుంది.

5.4 తొలి అక్షరం: పేరాలో మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపే సౌకర్యం సీఎస్‌ఎస్‌లో ఉంది. పేరా ‘స్త్రీ’ అనే పదంతో మొదలైతే, అక్షరం ఒకటే గాని సంకేతాలు ఆరు. సాఫ్ట్‌వేర్ దానిని ‘స్’ దగ్గర విడదీస్తే రూపం చెడుతుంది. హల్లు, పొల్లు, హల్లు కలిసిన సంయుక్తాన్ని ఒకే గుచ్ఛంగా పరిగణించే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుకు చేరింది. పాత బ్రౌజర్లు వాడేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ అలంకారాన్ని పరీక్షించిన తరువాతే వాడాలి.

5.5 పదాల విరుపు: సంధి, సమాసాల వల్ల తెలుగు పదాలు దీర్ఘమవుతాయి. ఫోను తెరపై ‘విశ్వవిద్యాలయోపన్యాసకులు’ వంటి పదం గీత దాటిపోవచ్చు. ఎక్కడపడితే అక్కడ విరవమనే వర్డ్-బ్రేక్ ఆదేశం కన్నా, చోటు చాలనప్పుడు మాత్రమే విరవమనే ఓవర్‌ఫ్లో-రాప్ ఆదేశం మేలైనది.

5.6 సీఎస్‌ఎస్ పరిధికి వెలుపలిది: ‘శామీర్‌పేట’ అని సరిగా రాయాలంటే ‘ర్’ తరువాత కంటికి కనబడని ఒక విభజక చిహ్నాన్ని ఉంచాలి. అది లేకుంటే ప-వత్తు ఏర్పడి ‘శామీర్పేట’ అవుతుంది. కొందరు దీనిని తప్పించడానికి మధ్యలో ఖాళీ వదులుతారు. అప్పుడు పేరు రెండు ముక్కలై, ఒక ముక్క పై పంక్తిలో, మరొకటి కింది పంక్తిలో పడవచ్చు. ఒకే ఊరి పేరు మూడు విధాలుగా నమోదైతే సమాచార నిధిలో వెతికేవారికి కొన్ని ఫలితాలు దొరకకపోవచ్చు. ఇది రూప సమస్యగా కనిపించే వర్ణక్రమ సమస్య. దీనిని పాఠంలోనే సరిదిద్దాలి.

5.7 భాష, ఫాంటు: పుట ఆరంభంలో భాష తెలుగు అని ప్రకటించడం తప్పనిసరి. స్క్రీన్ రీడర్ ఏ భాషా స్వరంతో చదవాలో దీనిని బట్టే నిర్ణయించుకుంటుంది. తెలుగు పుటలో ఆంగ్ల భాగం వస్తే దానికి విడిగా భాషను ప్రకటించాలి. ఈ ప్రకటన ఉంటే పైన చెప్పిన పంక్తి ఎత్తు మొదలైన నియమాలను తెలుగు భాగానికి మాత్రమే వర్తింపజేయవచ్చు. ఫాంట్ల జాబితాలో నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి స్వేచ్ఛా ఫాంటును మొదట, విండోస్‌లోని నిర్మల యూఐని తరువాత, చివర సాధారణ వర్గనామాన్ని ఇవ్వాలి. మొదటిది దొరకకున్నా పాఠం ఆగిపోదు.

6. మార్గసూచిక:
మార్గసూచిక అంటే లింకుల జాబితా. కనుక నిర్మాణంలోనూ దానిని జాబితాగానే రాసి, మార్గసూచికను తెలిపే నావ్ అనే మూలకంలో ఉంచాలి. ఇందులో పాటించవలసిన అంశాలు ఇవి:

అ) పుట మొదట్లో ‘ప్రధాన విషయానికి వెళ్లండి’ అనే లింకు ఉండాలి. అది లేకుంటే మీటలపై ఆధారపడే పాఠకుడు ప్రతి పుటలోనూ మెనూ అంతా దాటిన తరువాతే వ్యాసం చేరుకోగలడు.

ఆ) ట్యాబ్ మీటతో కదిలేటప్పుడు ఏ లింకుపై ఉన్నామో స్పష్టంగా కనబడాలి. అందం చెడుతుందని ఫోకస్ గీతను తొలగించడం పెద్ద దోషం.

ఇ) మౌసు పైకి వస్తేనే తెరుచుకునే ఉపమెనూ ఫోనులో సరిగా పనిచేయదు. దానిని తెరిచే బొత్తాం విడిగా ఉండాలి.

ఈ) అక్షరాల రంగుకు, వెనుక రంగుకు మధ్య కనీసం 4.5:1 నిష్పత్తి ఉండాలి. ప్రస్తుత పుటను రంగుతో మాత్రమే కాక గీతతో కూడా గుర్తించాలి.

ఉ) మెనూ పేర్లు, వాటి క్రమం అన్ని పుటల్లోనూ ఒకేలా ఉండాలి.

చివరి అంశంలో భాషావేత్త అవసరం ప్రత్యక్షంగా కనబడుతుంది. ‘హోమ్’ అనే మాటకు ముఖపుట, తొలిపుట, ముంగిలి వంటి పర్యాయాలు ప్రచారంలో ఉన్నాయి. ఒకే సైటులో ఒకచోట ఒకటి, వేరొకచోట మరొకటి వాడితే పాఠకుడు తికమకపడతాడు. ఆంగ్ల పదానికి సరిపోయిన స్థిరమైన పెట్టెలో ‘పరిశోధన వ్యాసాలు’ ఇమడక ‘పరిశోధన వ్యా’ దగ్గర తెగిపోవచ్చు. పెట్టెను పదానికి తగినట్లు పెరగనిచ్చి, వరుస నిండితే తరువాతి వరుసలోకి వెళ్లేలా ఫ్లెక్స్-రాప్ ఆదేశం ఇస్తే సమస్య తీరుతుంది. పెట్టె కోసం పదాన్ని కుదించడం కన్నా, పదం కోసం పెట్టెను సవరించడం న్యాయం.

7. పరీక్షించే విధానం:
ప్రోగ్రామింగ్ తెలియని అధ్యాపకుడు కూడా చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. మౌసును పక్కనపెట్టి ట్యాబ్ మీటతోనే సైటంతా తిరగడం; అక్షరాలను 200 శాతానికి పెంచి చూడడం; అదే పుటను ఫోనులో తెరవడం; ఒక పేరాను సాదా పాఠంగా వేరొక చోట అతికించి అది తెలుగేనా అని సరిచూడడం; ఉచితంగా లభించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో ఒక వ్యాసం వినడం. వీటికి తోడు డబ్ల్యూ3సీ వారి ఉచిత పరీక్షకాలు కోడ్‌లోని వ్యాకరణ దోషాలను చూపిస్తాయి.

అయితే ఆ పరీక్షకం దోషం లేదని చెప్పిన పుటలో కూడా చ-వత్తు తెగి ఉండవచ్చు, ‘శామీర్‌పేట’ మూడు విధాలుగా ఉండవచ్చు. యంత్రం కోడ్ వ్యాకరణాన్ని మాత్రమే పరిశీలిస్తుంది. తెలుగును పరిశీలించవలసినది తెలుగు చదివేవారే.

8. ముగింపు:
తెలుగు పుటకు ప్రమాణబద్ధత రెండు పాయలు కలిసినది: వెబ్ ప్రమాణాన్ని పాటించడం ఒకటి, లిపి స్వభావాన్ని గౌరవించడం మరొకటి. మొదటిది మాత్రమే ఉంటే పుట యంత్రానికి నచ్చుతుంది, పాఠకునికి తెగిన వత్తులు మిగులుతాయి. రెండవది మాత్రమే ఉంటే చూపున్న పాఠకునికి అందంగా కనబడుతుంది, చూపులేని పాఠకునికి మూగబోతుంది. వెబ్ రూపకర్తకు మొదటిది తెలుసు. తెలుగు అధ్యాపకునికి రెండవది తెలుసు. కాబట్టి శాఖ పుటను గాని, పత్రికను గాని రూపొందించేటప్పుడు ఇద్దరూ ఒకే బల్ల వద్ద కూర్చోవాలి. పంక్తి ఎత్తు, మెనూ పదజాలం, ఊళ్ల పేర్ల వర్ణక్రమం వంటి విషయాలను తెలుగు శాఖ రాతపూర్వకంగా నిర్ణయించి ఇవ్వాలి. సిద్ధాంత గ్రంథాలను యూనికోడ్‌లోనే స్వీకరించే నియమం ఇందుకు తొలి మెట్టు కాగలదు. మన వ్యాసాన్ని ఒక విద్యార్థి చదవలేకపోయాడంటే, కారణం విషయ కాఠిన్యమే అయి ఉండాలి గాని, మనం నిర్మించిన వాకిలి కాకూడదు.