తొలి పోటీకి దూరం

ఎన్నికలలో తొలి పోటీని వదలుకొన్నవారికి తుది విజయం లభించునా?

2014 మార్చి 14న హైదరాబాదులో, హైటెక్ సిటీ చెంతనున్న అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో పవన్ కల్యాణ్ జనసేన పార్టీని ప్రకటించారు. కొద్ది వారాలకే వచ్చిన ఎన్నికలలో ఆ పార్టీ పోటీచేయక, తెలుగుదేశం, భారతీయ జనతా పార్టీల కూటమిని బలపరచింది. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పోటీచేయగా ఒక్క స్థానమే దక్కింది. అధినేత రెండు నియోజకవర్గాలలోనూ ఓడిపోయారు. అయినను ఆ ఓటమి పార్టీకి తన బలమెక్కడో, కొరత యెక్కడో తెలిపింది. 2024లో అదే కూటమిలో చేరి, 21 స్థానాలకు పోటీచేసి అన్నింటా గెలిచింది.

అమెరికాలో పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని రాష్ట్రాలవారీ ప్రాథమిక ఎన్నికల ద్వారా ఎంచుకొంటాయి. 2020లో డెమోక్రటిక్ పార్టీకి చెందిన మైకేల్ బ్లూంబర్గ్ తొలి నాలుగు రాష్ట్రాలను విడిచి, మార్చి 3న పద్నాలుగు రాష్ట్రాలలో జరిగిన పోటీపై ఆశ నిలుపుకొన్నారు. అంతకు మూడు రోజుల ముందే దక్షిణ కెరొలినాలో గెలిచిన జో బైడెన్ వైపు మద్దతు మళ్లింది. అపారధనం వెచ్చించినా బ్లూంబర్గ్ ఒక్క రాష్ట్రమూ గెలువలేక మరునాడే వైదొలగారు.

దూరంగా ఉన్నవారికి ఓటమి తప్పవచ్చు. ఓటరు మనసు మాత్రం తెలియదు. దిగితేగాని లోతు తెలియదు కదా!