అత్యవసర చికిత్స: బీమా పత్రములో దాని అర్థము

పొలములో రైతును పాము కరచినదనుకొందము. ఇంటివారు అతనిని దగ్గరి ఆసుపత్రికి చేర్చిరి. అతని పేర ఆరోగ్య బీమా కలదు. ఇది అత్యవసర చికిత్సయగునా? ఇట్టి సందేహముతో గ్రామస్థులు మొదట పంచాయతీ సభ్యులయొద్దకే వత్తురు.

హైదరాబాదు కేంద్రముగా గల భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ దీనికొక నిర్వచనము నేర్పరచినది. వ్యాధి లేక గాయపు లక్షణములు హఠాత్తుగా, అనుకొనని విధముగా కలుగవలెను. మరణమునో, ఆరోగ్యమునకు దీర్ఘకాలము నిలుచు తీవ్రమైన హానినో నివారించుటకు వైద్యుని సహాయము తక్షణమే అవసరము కావలెను. పాముకాటు, గుండెపోటు ఇట్టివి. ఏండ్ల తరబడి యున్న మోకాలినొప్పికి తేదీ నిర్ణయించుకొని చేయించుకొను శస్త్రచికిత్స ఇట్టిది కాదు.

ఈ భేదమునుబట్టి గడువులు మారును. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పత్రము ప్రకారము, ముందుగా నిర్ణయించుకొన్న చికిత్సను గూర్చి 48 గంటల ముందే బీమా సంస్థకు తెలుపవలెను. అత్యవసరమైనచో చేరిన 24 గంటలలోగా తెలుపవచ్చును. ఆలోగానే రోగిని ఇంటికి పంపుచున్నచో, పంపుటకు ముందే తెలుపవలెను.

అయితే అత్యవసరమైన ప్రతి చికిత్సకును సొమ్ము వచ్చునని తలపరాదు. పత్రము తీసుకొన్న తొలి 30 దినములలో కలిగిన జబ్బులకు పరిహారము లేదు. ప్రమాదములకు మాత్రము ఈ నిబంధన వర్తింపదు.

ప్రాణరక్షణ ప్రతి వైద్యుని విధియని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. కావున పత్రమును వెదకుచు కాలము గడపక, మొదట 108కి ఫోను చేయవలెను. చేరిన సమయమును, లక్షణములను వైద్యునిచే వ్రాయించి, ఆ కాగితములను భద్రపరుపవలెను. ఈ సంగతులను సభ్యులు ప్రతి యింటికిని తెలియజేయుదురుగాక!